చేతికి సున్నం, మాటకు ఫోను

మా మేనత్త పట్టుపురుగులు పెంచుతుంది. ధర్మపురి జిల్లాలో, పాలక్కోడుకు కాస్త ఇవతల ఉంటుంది వాళ్ళ ఊరు. రెండెకరాల మల్బరీ తోట, తోట అంచున పురుగుల షెడ్డు. షెడ్డు గడప దగ్గర ఒక తొట్టి, అందులో మందు కలిపిన నీళ్ళు. చేతులూ కాళ్ళూ కడుక్కోకుండా లోపల అడుగు పెడితే మేనల్లుడైనా సరే ఊరుకోదు. పట్టుపురుగుకు రోగం మన చేతుల మీదుగా కూడా అంటుకుంటుంది. ఒకదానికి తగిలితే అరకు అర పోతుంది. నెల రోజుల కష్టం నాలుగు రోజుల్లో మట్టిపాలు.

పోయిన ఏడాది నేను వెళ్ళేసరికి పురుగులు నాలుగో జ్వరంలో ఉన్నాయి. జ్వరమంటే కంగారుపడకండి. పురుగు కుబుసం విడిచే సమయాన్ని పట్టు రైతులు జ్వరమంటారు. అప్పుడది మేత మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉంటుంది. పడక పొడిగా ఉండాలని పైన సున్నం పొడి చల్లుతారు. అత్త చేతులు మోచేతుల దాకా తెల్లగా ఉన్నాయి. ఫోను కిటికీ గూట్లో, మందు డబ్బాకు ఆనించి ఉంది. అత్త అటు తల కూడా తిప్పకుండా “షో నంబర్స్” అంది. తెర మీద ఉన్న ప్రతి బొమ్మ పక్కనా ఒక అంకె పుట్టింది. ఒకసారి చూసి “ట్యాప్ ఫోర్” అంది. నాలుగో వీడియో మొదలైంది. ఎవరో రైతు జ్వరం లేచిన పురుగులకు మొదటి మేత ఎప్పుడు వెయ్యాలో చెబుతున్నాడు.

అత్త చదివింది ఎనిమిదో తరగతి, అదీ తమిళంలో.

“ఇదంతా ఎవరు నేర్పించారత్తా?” అన్నాను.

“మీ బావే. హోసూరులో పనికి పోతా ఉండాడు గదా, పండక్కి వచ్చినప్పుడు పెట్టిచ్చి పోయినాడు. ఫోను ముట్టుకుంటే మళ్ళా చేతులు కడగాల. దినానికి ఎన్నిసార్లు కడిగేది అబ్బోడా?”

ఆ సాయంత్రం అత్త ఇంకో సంగతి కూడా చెప్పింది. నేనీ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే. కాసేపట్లో అక్కడికి వస్తాను. ముందు పనిముట్టు సంగతి చూద్దాం.

ఆండ్రాయిడ్ ఫోన్లలో దీని పేరు వాయిస్ యాక్సెస్. గూగుల్ 2018లో దీన్ని అందరికీ విడుదల చేసింది. ఐఫోన్లలో వాయిస్ కంట్రోల్ అంటారు, 2019లో ఐఓఎస్ 13తో పాటు వచ్చింది. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి యాక్సెసిబిలిటీ అన్నచోట చూస్తే దొరుకుతుంది. ఆండ్రాయిడ్‌లో కనపడకపోతే ప్లే స్టోర్ నుంచి దించుకోవచ్చు. అత్త ఇచ్చే ఆదేశాలన్నీ ఇంగ్లీషు మాటలే, అన్నీ కలిపి ఓ అరడజను. “ఓపెన్ యూట్యూబ్” అంటే యూట్యూబ్ తెరుచుకుంటుంది. “స్క్రోల్ డౌన్” అంటే పేజీ కిందికి జరుగుతుంది. “స్వైప్ అప్” అంటే పొట్టి వీడియోల్లో తర్వాతది వస్తుంది. “గో బ్యాక్” అంటే వెనక్కి. “షో నంబర్స్” అని, ఆపైన “ట్యాప్” అంటూ అంకె చెబితే వేలితో నొక్కినట్టే. ఇవి కాక ఇంకొకటుంది: “స్టాప్ లిజనింగ్”. ఐఫోన్‌లో అయితే “గో టు స్లీప్”. వినడం ఆపెయ్యమని చెప్పడం అన్నమాట. ఎవరైనా నన్నడిగితే మొట్టమొదట నేర్చుకోవాల్సింది ఇదే అంటాను. ఈత నేర్చుకునేవాడికి ముందు ఒడ్డెక్కడుందో చూపించాలి కదా.

ఇక అత్త చెప్పిన సంగతి.

నాలుగో జ్వరం లేచాక పురుగు అయిదో దశకు వస్తుంది. అది బతికున్నంతకాలం తినే ఆకులో నూటికి 80 పాళ్ళు ఈ ఒక్క వారంలోనే తింటుంది. వేలాది పురుగులు ఒక్కసారిగా ఆకు కొరుకుతుంటే ఆ చప్పుడు ఎలా ఉంటుందో విన్నారా? రేకుల మీద సన్నటి వాన పడుతున్నట్టే ఉంటుంది. మొదటిసారి విన్నప్పుడు నేను నిజంగానే బయటికి వచ్చి ఆకాశం చూశాను. పెంచేవాళ్ళకు ఆ చప్పుడే గడియారం. వాన జోరుగా ఉంటే ఆకు ఉంది. జోరు తగ్గితే ఆకు అయిపోవచ్చింది. ఆగిపోతే పురుగులు పస్తున్నాయి. మా అత్త ఇరవై ఏళ్ళుగా పొద్దు చూసి ఆకు వేసింది లేదు, చెవితో విని వేసింది.

“ఫోను మాటింటాది అని తెలిసిన మొదటి విడత తప్పు చేసినా అబ్బోడా. చేతులు అడ్డం లేవు గదా, పని పాటికి పని, చూసేది పాటికి చూసేది అనుకున్నా. ఒకటి అయితానే ఇంకోటి, కిందికి పో, కిందికి పో అంటానే ఉండినా. వాన నిలిచిపోయిండేది నాకు ఇనపళ్ళేదు.”

ఆ వారంలో అలా నాలుగైదు పూటలు మేత ఆలస్యమైంది. పురుగులన్నీ ఒక్కసారి పండాల్సింది, ముందూ వెనకా అయ్యాయి. గూడు అల్లుకునే చంద్రికల మీదికి ఎక్కించే పని ఒక రోజులో తెమలలేదు. గూళ్ళు ఒక్క తీరుగా రాలేదు. ధర్మపురి పట్టుగూళ్ళ మార్కెట్‌లో వేలం పాడేవాళ్ళు ఆరితేరినవాళ్ళు. గుప్పెడు గూళ్ళు చేతిలోకి తీసుకుని చెవి దగ్గర ఆడిస్తేనే వాళ్ళకు సంగతంతా తెలిసిపోతుంది. ఆ విడత అత్తకు ధర పలకలేదు.

“చేతులు నావే, కండ్లు నావే. చెవులు మాత్రం దానికి ఇచ్చేసినా” అంది.

మాటతో ఫోను నడపడం గురించి మనం తెలుసుకోవాల్సిందంతా ఆ మాటలో ఉంది. చేతులు విడిపించినంత మాత్రాన మనసు విడిపించినట్టు అవ్వదు. ఇంతకుముందు మన చేతులకు తీరిక లేకపోవడమే ఒక కాపలాగా ఉండేది. పిండి కలుపుతున్నప్పుడు, పాలు పిండుతున్నప్పుడు, బిడ్డకు తలంటుతున్నప్పుడు ఫోను మన దగ్గరికి రాలేకపోయేది. రోజు మొత్తంలో మనసు తనకు తానుగా ఉండే గడియలు అవి. పిల్లవాడు బళ్ళో జరిగింది చెప్పుకునేదీ, వదినకు ఎందుకు కోపం వచ్చిందో మనకు అర్థమయ్యేదీ అప్పుడే. ఆ కాపలా ఇప్పుడు పోయింది. కాబట్టి కొత్త కాపలా మనమే పెట్టుకోవాలి.

అత్త పెట్టుకుంది. వెతకడం గడప బయట, చూడడం గడప లోపల. షెడ్డులోకి పోకముందే, చేతులు కడగకముందే తనకేం కావాలో మైకు నొక్కి తెలుగులో అడుగుతుంది. వచ్చినవాటిలో ఒకటో రెండో చాలనుకుంటుంది. లోపలికి వెళ్ళాక కొత్తగా వెతకదు. అక్కడ ఆమె వాడేది అంకె, వెనక్కి, ఆపు అనే మూడే. అయిదో దశ వారంలో అయితే ఫోను గడప దాటి లోపలికే రాదు.

ఈ గడప నియమం నాకు ఎంతగా నచ్చిందంటే, మా ఇంట్లో వంటగదికీ అదే పెట్టాను. ఉల్లిపాయ తరిగే ముందు వెతకడం అయిపోవాలి.

దీనివల్ల ఏమవుతుందో కాస్త వివరంగా చెప్పనివ్వండి. బొటనవేలితో జరపడానికి ఆలోచన అక్కర్లేదు. అదే అసలు చిక్కు. 2006లో ఏజా రాస్కిన్ అనే అమెరికా డిజైనర్ పేజీ చివరికి వచ్చేసరికి కింద ఇంకా కొంత దానంతటదే తెరుచుకునే పద్ధతి తయారుచేశాడు. అంతకుముందు పేజీకి ఒక అడుగంటూ ఉండేది. అడుగు తగిలితే మనిషి ఒక క్షణం ఆగి, ఇక చాలా, ఇంకా కావాలా అని తనను తాను అడిగేవాడు. ఆ క్షణం లేకుండా పోయింది. తను చేసినదానికి రాస్కిన్ తర్వాత బహిరంగంగానే బాధపడ్డాడు. మన దేశంలో 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించారు. జూలైలోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ వచ్చాయి, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ మొదలయ్యాయి. మూడు నెలలైనా బొటనవేలికి విశ్రాంతి దొరకలేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో గ్లోరియా మార్క్ అనే ఆచార్యురాలు తెర ముందు మనుషుల ధ్యాస ఎంతసేపు నిలుస్తుందో ఏళ్ళ తరబడి కొలుస్తూ వచ్చారు. 2004లో సగటున రెండున్నర నిమిషాలు నిలిచేది, ఇటీవలి లెక్కల్లో 47 సెకన్లకు పడిపోయింది.

నోరు బొటనవేలిలాంటిది కాదు. ఏదైనా అనాలంటే ముందు అనుకోవాలి. వేలు తెలియకుండా వందసార్లు కదులుతుంది, నోరు తెలియకుండా వందసార్లు “స్వైప్ అప్” అనలేదు. పదోసారికే మన గొంతు మన చెవికి వినపడి సిగ్గేస్తుంది. ఆ సిగ్గును పోగొట్టుకోకండి. మనకు పేజీ అడుగును తిరిగి తెచ్చిపెట్టేది అదే.

పూజ మొదలుపెట్టే ముందు పురోహితుడు మన చేత సంకల్పం చెప్పిస్తాడు. ఏ దేశంలో ఉన్నాం, ఏ నదుల నడుమ ఉన్నాం, ఏ సంవత్సరం, ఏ మాసం, ఏ తిథి, చేసేది ఎవరు, దేనికోసం చేస్తున్నారు, ఇవన్నీ. దేవుడికి తెలియదా? మనసులో అనుకుంటే చాలదా? చాలదనే పెద్దలు పైకి చెప్పించారు. నోటితో పలికిన పని మీద మనిషికి బాధ్యత పుడుతుంది. నాకు తెలిసినంతలో మాటతో నడిచే ఫోనుకు మన సంప్రదాయంలో ఇంతకంటే దగ్గరైన పోలిక లేదు.

కాబట్టి ఇవాళ్టి నుంచి ఇలా చేసి చూడండి. ఫోను తెరిచే ముందు ఒక్క వాక్యం పైకి అనండి. “నిమ్మకాయ ఊరగాయలో ఉప్పు ఎంత వెయ్యాలో చూస్తాను, చూశాక ఫోను పక్కన పెడతాను.” “మోటారు ఎందుకు ఆగిపోతోందో ఒక వీడియో చూస్తాను, చూసి స్విచ్చు విప్పుతాను.” ఏం కావాలి, చూశాక ఏం చేస్తాను, ఈ రెండూ ఉండాలి. సరదా కోసమైనా తప్పులేదు: “భోజనమయ్యాక అరగంట పాత సినిమా హాస్యం చూస్తాను” అనండి, హాయిగా నవ్వుకోండి. ఇక ఇది అని చూడండి: “ఊరికే ఏదో ఒకటి చూస్తాను, ఎంతసేపో తెలియదు.” పైకి అంటుంటేనే నాలుక తడబడుతుంది. అలా తడబడితే ఆ పూట ఫోను అక్కర్లేదని అర్థం.

ఒక వారం పాటు చిన్న లెక్క కూడా రాయండి. క్యాలెండరు వెనకాల గీతలు పెడితే చాలు. మీరుగా పేరు పెట్టి అడిగి చూసినవి ఒకవైపు, “తర్వాతది, తర్వాతది” అంటూ చూసినవి ఒకవైపు. మొదటి వరస మీ కోరిక. రెండో వరస ఎవరి కోరికో ఆలోచించండి. నేను మొదటి వారం రాసుకున్నప్పుడు రెండో వరస చోటు చాలక పక్క నెలలోకి పోయింది. నాలుగో వారానికి రెండూ దగ్గరికొచ్చాయి.

ఇప్పుడు నా మనసుకు బాగా దగ్గరైన విషయానికి వస్తాను.

ధర్మపురి 1965 అక్టోబరు 2న సేలం నుంచి విడిపడి జిల్లా అయింది. 2004లో కృష్ణగిరి దీన్నుంచి విడిపోయింది. తమిళం, తెలుగు, కన్నడం ఒకే సంతలో వినపడే నేల ఇది. ఇక్కడ తరతరాలుగా తెలుగు మాట్లాడే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. బడి తమిళం, బస్సు బోర్డు తమిళం, రేషను కార్డు తమిళం. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టంతో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. తమిళ నేల మీద తమిళం నేర్చుకోవడం న్యాయమే, దానివల్ల మా పిల్లలకు మంచే జరిగింది. అయితే తెలుగు మాత్రం నోటిలోనే మిగిలింది. మా అత్తకు తెలుగులో తన పేరు రాయడం రాదు. కానీ ఆమె మాట్లాడే తెలుగులో సామెత లేని వాక్యం ఉండదు.

అలాంటి మనిషికి అచ్చులో ఉన్న తెలుగు అంతా తాళం వేసిన గది. తెలుగు పత్రిక చదవలేదు. ఫోనులో తెలుగు అక్షరాలు కొట్టలేదు. 2017 ఆగస్టులో గూగుల్ తన మాటల గుర్తింపులో ఎనిమిది భారతీయ భాషలను చేర్చింది. తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఆ జాబితాలో ఒకేసారి చేరాయి. ధర్మపురి లాంటి చోట దాని విలువ ఎంతో హైదరాబాదులో కూర్చున్నవాళ్ళకు అంత తేలిగ్గా తట్టదు. మైకు నొక్కి అడిగితే చాలు, తాళం తెరుచుకుంటుంది. అత్త ఇప్పుడు హిందూపురం, మదనపల్లె రైతులు మల్బరీ గురించి చెప్పే వీడియోలు చూస్తుంది. “వాళ్ళ మాట మన మాట మాదిరే ఉండాది గదా” అని మొదట్లో ఎంత ఆశ్చర్యపోయిందో!

మలేసియాలో, మారిషస్‌లో, డాలస్‌లో పెరుగుతున్న తెలుగు పిల్లల్లోనూ ఇలాంటివాళ్ళు చాలామంది. తెలుగు వింటారు, వచ్చీరానట్టు మాట్లాడతారు, రాయలేరు. వాళ్ళను తప్పుపట్టకండి. అమ్మమ్మ చేసే పులిహోర ఎలా చేయాలో తెలుగులో అడిగి వెతకమని చెప్పండి. నోటికి పని దొరికితే భాషకు ప్రాణం వస్తుంది.

అడగడం కూడా ఒక విద్యే. వ్యక్తిత్వ వికాసమంటే వేదికల మీద ఉపన్యాసం ఇవ్వడం అనుకుంటాం కానీ, రోజువారీ బతుకులో అంతకంటే ఎక్కువగా అక్కరకొచ్చేది సరైన ప్రశ్న వెయ్యగలగడం. “పట్టుపురుగు” అని అడిగితే ఫోను వెయ్యి వింతలు చూపిస్తుంది. చైనా పురుగు, చీరల అంగడి, ఎవరో పురుగు తింటున్న వీడియో. “పట్టుపురుగు నాలుగో జ్వరం లేచాక ఆకు ఎప్పుడు వెయ్యాలి” అని అడిగితే పని అవుతుంది. మొదటిసారి మీ యాస దానికి అర్థం కాకపోవచ్చు. అత్త “ఎయ్యాల” అంటే అది ఇంకేదో విన్నది. ఆమె విసుక్కోలేదు. వేరే మాటతో అడిగింది, మూడోసారి నెమ్మదిగా అడిగింది. అలా అడిగి అడిగి ఆమెకు ఒక అలవాటైంది. మొన్న పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు “ఆవుకు బాగలేదు” అని ఊరుకోలేదు. “నిన్న పొద్దున్నుంచి నెమరు ఎయ్యలే, నీళ్ళు తాగింది, కడుపు ఎడంపక్క ఉబ్బింది” అంది. డాక్టరు పని సగం తగ్గింది. ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్ళే కుర్రవాళ్ళు, బ్యాంకు కిటికీ దగ్గర తడబడే పెద్దవాళ్ళు ఈ సాధన ఇంట్లో ఫోనుతోనే చేయవచ్చు. మీకు కావలసింది ఒక్క వాక్యంలో, ఆగకుండా, అవతలివాళ్ళకు అర్థమయ్యేలా చెప్పండి.

వింటూ పనిచేయడం, పనిచేస్తూ నేర్చుకోవడం మనకు కొత్తేం కాదు. 1960ల్లో ఆకాశవాణి తిరుచిరాపల్లి కేంద్రం రైతుల కార్యక్రమంలో ఏడీటీ 27 అనే వరి వంగడం గురించి ఎంతగా చెప్పిందంటే, తంజావూరు వైపు రైతులు దానికి రేడియో వడ్లు అని పేరు పెట్టేశారు. వాళ్ళ చేతుల్లో నాగలి ఉంది, చెవిలో రేడియో ఉంది. అయితే రేడియోలో కార్యక్రమానికి వేళ ఉండేది. అయిపోతే అయిపోయినట్టే, రైతు పొలంలోకి వెళ్ళి విన్నది చేసి చూసేవాడు.

ఇక ఒక చోట మాత్రం నేను ఏ సర్దుబాటుకూ ఒప్పుకోను. అది బండి.

ధర్మపురి నుంచి సేలం వెళ్ళే 44వ నంబరు జాతీయ రహదారి మీద తొప్పూరు కనుమ ఉంది. పల్లం, మలుపు, బరువు లారీలు, ప్రమాదాలు. ఈ దారిన తిరిగే డ్రైవర్లకు ఆ పేరు చెబితే చాలు. ఆ దిగుడులో ఒకసారి మా ముందు వెళ్తున్న కారులో అద్దం పక్కన ఫోను వెలుగుతూ కనిపించింది. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి, తెర మీద బొమ్మలు మారుతున్నాయి. చేత్తో పట్టుకోలేదు కదా, మాటతోనే కదా అనుకుంటారు చాలామంది. అమెరికాలో యూటా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఏఏఏ ఫౌండేషన్ కోసం ఈ విషయాన్ని పరీక్షించారు. మాటతో ఆదేశం ఇచ్చి ముగించాక కూడా కొందరు డ్రైవర్ల ధ్యాస పూర్తిగా రోడ్డు మీదికి తిరిగి రావడానికి 27 సెకన్ల దాకా పట్టిందని 2015లో తేల్చారు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి 27 సెకన్లలో 450 మీటర్లు పోతుంది. తొప్పూరు దిగుడులో 450 మీటర్ల పాటు మనసు లేకుండా బండి నడపడమంటే ఏమిటో మీరే ఊహించుకోండి. వీడియో అయితే కళ్ళను కూడా లాక్కుంటుంది. బండి ఎక్కే ముందు దారి ఏదో పెట్టుకోండి, పాటలు ఏవో పెట్టుకోండి. తాళం తిప్పాక ఫోనుతో మాటలు వద్దు. ముందు సీట్లో కూర్చున్నవాళ్ళు కూడా డ్రైవరుకు వీడియో చూపించకండి.

పిల్లల గురించి ఒక మాట. ఫోనుకు మనం “అయ్యా”, “అమ్మా” అని చెప్పం. ముక్కలు ముక్కలుగా ఆజ్ఞ ఇస్తాం, అది చేసేస్తుంది. అయిదేళ్ళ పిల్లకు ఫోనుతో మాట్లాడే తీరుకూ నాయనమ్మతో మాట్లాడే తీరుకూ తేడా మనం చెబితేనే తెలుస్తుంది. నాకు తెలిసిన ఒక ఇంట్లో పాప తినిపిస్తున్న నాయనమ్మతో “నెక్స్ట్” అంది. ముద్ద కోసం! అందరూ నవ్వారు. నాయనమ్మ నవ్వలేదు. గిన్నె కింద పెట్టి, “ఇంకో ముద్ద పెట్టు నాయనమ్మా అని అడుగు బంగారూ, అప్పుడు పెడతా” అంది. పాప అడిగింది. ఆ పెద్దావిడ చేసింది నూటికి నూరుపాళ్ళు సరైన పని.

ఇంట్లో మాటతో ఫోను నడిపేటప్పుడు చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకోకండి. నలుగురికీ వినపడనివ్వండి. నలుగురు వినేటట్టు అడగలేనిది అడగకుండా ఉంటాం. నలుగురు వింటే మనకు తెలియనిది ఎవరో ఒకరు చెబుతారు కూడా. ఊరగాయలో ఉప్పు సంగతి వీడియో చెప్పేలోపే పక్కింటి పిన్ని చెప్పేసిన సందర్భాలు నాకు బోలెడు.

ఆఖరుగా, ఈ పనిముట్టు అసలు ఎవరి కోసం పుట్టిందో చెప్పాలి. పక్షవాతం వచ్చినవాళ్ళు, చేతులు వణికేవాళ్ళు, కీళ్ళవాతంతో వేళ్ళు వంకర పోయినవాళ్ళు, పుట్టుకతోనే చేతులు పనిచెయ్యనివాళ్ళు, వీళ్ళ కోసం తయారైంది ఇది. మనకు సౌకర్యం, వాళ్ళకు ప్రాణావసరం. మీ ఇంట్లో, మీ వీధిలో అలాంటివాళ్ళు ఉంటే ఈ ఆదివారం ఒక గంట వాళ్ళకివ్వండి. ధర్మపురికి పాత పేరు తగడూరు. ఆ ఊరిని ఏలిన అదియమాన్ తనకు దొరికిన అరుదైన ఉసిరికాయను, తింటే ఆయువు పెరిగే కాయను, తాను తినకుండా కవయిత్రి అవ్వయ్యారుకు ఇచ్చాడని ఇక్కడి ప్రతి బడిపిల్లకూ తెలుసు. ఆ ఊళ్ళో ఉంటూ ఒక గంట ఇవ్వలేమా?

ధర్మపురి పట్టణంలో మాకు తెలిసిన తాతగారు ఒకరున్నారు. నలభై ఏళ్ళు చింతపండు వ్యాపారం చేశారు. మూడేళ్ళ కిందట కుడిచెయ్యి పడిపోయింది, ఎడమచేతి వేళ్ళు వణుకుతాయి. మాట మాత్రం చెక్కుచెదరలేదు. కాలేజీలో చదివే మనవరాలు ఆయన ఫోనులో వాయిస్ యాక్సెస్ పెట్టింది. మంచానికెదురుగా బల్ల మీద ఫోను నిలబెట్టి, అట్ట మీద పెద్దపెద్ద తమిళ అక్షరాలతో ఆదేశాలు రాసి గోడకు అంటించింది. ఇంగ్లీషు మాటలు తమిళ లిపిలో, వెతకబోయే పాటలు తెలుగులో. మొదటి రోజు ఆయన “షో నంబర్స్” అనడానికి పదిసార్లు ప్రయత్నించారు. ఫోను వింటోందా లేదా అని మనవరాలి వైపు చూస్తూ అనేవారు. ఆ పిల్ల ఓపికగా “తాతా, నన్ను చూడొద్దు, దాన్ని చూసి చెప్పు” అనేది.

నేను వెళ్ళిన రోజు ఆయన ఘంటసాల పాట పెట్టుకుని వింటున్నారు. నన్ను చూసి, వరండా వైపున్న కుర్చీ చూపించి, తల ఫోను వైపు తిప్పారు. తమిళ యాసలో, గట్టిగా, రెండు మాటలకూ మధ్య కొంచెం ఆగి, “గో బ్యాక్” అన్నారు. పాట ఆగింది. “స్టాప్ లిజనింగ్” అన్నారు.

“ఇదంతా బాగా అలవాటైందే” అన్నాను. “వీటన్నిటిలో మీకు బాగా నచ్చింది ఏది తాతగారూ, పాటలా, హరికథలా?”

ఆయన కాసేపు ఆలోచించారు.

“మూడేండ్లుగా పాట చాలనిపిస్తే ‘అమ్మా, ఆపు’ అని పిల్లను పిలిచేవాణ్ణి. ఆ పిల్ల చదువుకుంటా ఉంటాది, లేచి రావాల. కొన్నిసార్లు పిలవలేక అట్లే విని ఉండేవాణ్ణి. ఇప్పుడు నేనే ఆపుతా ఉండా.”

ఆ తర్వాత ఈ ఏడు చింతపండు ధర ఎలా ఉందో అడిగారు. చీకటి పడేదాకా మాట్లాడుకున్నాం.